ఫ్రాంక్లిను స్వీయచరిత్రమున గృహిణి పెట్టుబడి

మా పూర్వశిష్యుఁడొకఁడు గడచిన వేసవిలో చిన్న అచ్చుకూటము పెట్టఁదలఁచి, ఆ ప్రయత్నమునకు వలయు లెక్కలన్నియు నొక పుస్తకమున వ్రాసికొని మాకుఁ జూపుటకు వచ్చెను. అచ్చుకూట మనఁగా వెనుకటివలె సీసపుటక్షరములు కూర్చునది కాదు. ఒక కంప్యూటరును, రెండు జిరాక్సు యంత్రములును, పెండ్లిపత్రికలును కరపత్రములును తీయు చిన్న ముద్రణయంత్రమును గల దుకాణము. యంత్రముల వెల, గది యద్దె, బ్యాంకి వడ్డీ, కరెంటు ఖర్చు, పనివాని జీతము, అన్నియు నందుఁ గలవు. లెక్కలు చక్కఁగానే యున్నవి. వ్యాపారమున మాకుఁ దెలిసినది బహుస్వల్పము. తెలిసినవి పుస్తకములే కావున, బెంజమిన్ ఫ్రాంక్లిను స్వీయచరిత్రము నతని చేతి కిచ్చి, అచ్చుపని నారంభించువానికి ఇంతకంటె మంచి స్నేహితుఁడు దొరకఁడని చెప్పి పంపితిమి. నెల గడచినపిదప ఆ పుస్తకమును తిరిగి యిచ్చుటకు భార్యాభర్త లిరువురును వచ్చిరి. శిష్యుఁడు సగము చదివి విడిచెనఁట. తుదిదాఁకఁ జదివినది యతని భార్య. ఆమె బి.కామ్. పరీక్షయందుఁ గృతార్థురాలు. ఆమె మమ్మడిగిన ప్రశ్న యొక్కటే. "మాస్టారూ, ఈయన తన భార్యకు జీతమెంత యిచ్చేవారండీ?"

మేము నవ్వితిమి. కాని నవ్వినంత సులభముగా సమాధానము చెప్పలేకపోతిమి. ఇరువదియేండ్లుగా ఆ గ్రంథమునుండి ఘట్టములు తీసి పిల్లలకు బోధించుచున్న మాకు ఆ ప్రశ్న యెన్నఁడును తోఁచి యుండలేదు. ఆ రాత్రియే పుస్తకమును మరల మొదటినుండి చదువ నారంభించితిమి.

గ్రంథకర్తను గుఱించి నాలుగుమాటలు చాలును. ఫ్రాంక్లిను 1706లో బోస్టను నగరమున, కొవ్వొత్తులును సబ్బులును చేసి యమ్ముకొనువాని యింటఁ బుట్టెను. అన్నగారి అచ్చుకూటమునఁ బని నేర్చి, పదునేడేండ్లవాఁడై ఫిలడెల్ఫియాకుఁ బాఱిపోయి, 1728లో నొక భాగస్థునితోఁ గలసి సొంతముగా అచ్చుకూటము పెట్టి, 1748 నాఁటికి ఆ పనినుండి విరమింపఁగలిగినంత ధనము గడించెను. మెఱుపును విద్యుత్తును ఒక్కటియే యని నిరూపించుటయు, దేశస్వాతంత్ర్యప్రకటనమునఁ జేవ్రాలు చేయుటయు తరువాతి ప్రఖ్యాతి. స్వీయచరిత్రము నతఁ డొక్క యూపున వ్రాయలేదు. మొదటిభాగము 1771లో ఇంగ్లండున, కుమారునకు వ్రాసిన లేఖరూపమున. రెండవది 1784లో పారిసు చెంతనున్న పాసీయందు. మూఁడవది 1788లో స్వదేశమునకు వచ్చినపిదప. కడపటిది కొన్ని పుటలు మాత్రమే. 1757లో నతఁడు లండను చేరిన తరువాతి సంగతులతోఁ గథ యాగిపోవును. ఈ సంవత్సరములను చదువరులు జ్ఞాపకముంచుకొనఁ బ్రార్థితులు. వానితో మనకు ముందు పని గలదు.

పిల్లలకుఁ బాఠము చెప్పునపుడు మేము తఱుచుగా నెత్తికొనునది చేబండి ఘట్టము. అతఁడు దుకాణములలోఁ గాగితము కొని, దానిని తానే తోపుడుబండిపైఁ బెట్టి వీధులవెంట నింటికిఁ దోసికొని వచ్చెడివాఁడు. ఇది యెవరైనను చెప్పుకొనఁదగిన మాటయే. కాని ఆ పనిని తాను శ్రమజీవి ననియు, తన వృత్తి తనకుఁ జిన్నతనము కాదనియు ఊరు చూడవలెనని కూడఁ జేసితినని యతఁడే యొప్పుకొనును. శ్రమించుటయే కాదు, శ్రమించునట్లు కనఁబడుటయు వర్తకమున నొక భాగమేనని యింత నిర్మొగమాటముగాఁ జెప్పిన గ్రంథకర్తలు కొలఁదిమంది. మేము ముందు చెప్పఁబోవు ఆక్షేపణలన్నియు నీ నిర్మొగమాటము వలననే సాధ్యమైనవి. అతఁడు దాఁచి యుండినచో మనకుఁ దెలిసెడివే కావు.

మొట్టమొదట నతని దినచర్యాపట్టికను చూతము. ఉదయ మైదుగంటలకు లేచుట. స్నానము, ప్రార్థన, దినకార్యముల యాలోచన, చదువు, ఉపాహారము. ఎనిమిదింటినుండి పని. మధ్యాహ్నమునఁ జదువు లేదా లెక్కలు చూచుకొనుట, భోజనము. రెండింటినుండి మరల పని. సాయంకాల మాఱింటినుండి వస్తువులను వాని స్థానములందుఁ బెట్టుట, రాత్రిభోజనము, సంగీతమో వినోదమో సంభాషణమో, ఆ దినమున చేసిన పనుల విమర్శ. పది గంటలకు నిద్ర. దీని ప్రక్కనే పదుమూఁడు గుణముల పట్టిక గలదు. మితాహారము, మౌనము, క్రమము, పొదుపు, పరిశ్రమ మున్నగునవి వరుసగా నిలిచియున్నవి. శీలము కలదు. వాత్సల్యము లేదు. దినచర్యలోని సంభాషణమను మాట భార్యతోడి సంభాషణమును గూడఁ గలుపుకొనవచ్చునని యెవరైన నందురేని మేము వాదింపము. అయినను ఇల్లాలికిని బిడ్డకును పేరుపెట్టి కేటాయించిన గడియ యొక్కటియైనను ఆ యిరువదినాలుగు గంటలలోఁ గానరాదు. ఆ పట్టిక నడిచిన యింట నన్నము వేళకు సిద్ధమగుచుండెను, దీపము వెలుఁగుచుండెను, బిడ్డ నెవరో యెత్తుకొనుచుండిరి. ఆ క్రమమును పాటించుట తనకుఁ గడు కష్టమాయెనని యతఁడు చెప్పికొనును. కూలికిఁ బనిచేయువానికైన వేళలు తన చేతిలో నుండునేమో గాని, పదిమందితో మెలఁగవలసిన యజమానికి సాధ్యము కాదనును. దుకాణము పెట్టినవారందఱు నెఱిఁగిన సత్యమే యిది. యజమానుని వేళలు చెదరినప్పుడు వానిని సరిపెట్టుచున్న దెవరో ఆ పుటలోఁ జెప్పలేదు.

అతని వివాహకథ మన పాఠకులను మఱింత యాకర్షింపఁగలదు. అచ్చుకూటముమీఁద నింకను అప్పు మిగిలియున్న కాలమున, అతని యింటిలో నొక భాగమునఁ గాఁపురమున్న గాడ్‌ఫ్రీ యనువాని భార్య తన బంధువుల పిల్లను చూపెను. పిల్ల యతనికి నచ్చెను. కట్నము మాట వచ్చెను. తన అప్పు తీఱుటకు వలసినంత సొమ్ము, అనఁగా నూఱు పౌనులకు లోపుగా, ఇప్పింపవలెనని యతఁడు కోరెను. తమయొద్ద నంత ధనము లేదని వారనఁగా, ఇల్లు తాకట్టు పెట్టి తేవచ్చును గదా యని కబురంపెను! ఈ వాక్యమును మేము రెండుమాఱులు చదివితిమి. గోదావరీతీరముననో కృష్ణాతీరముననో పెండ్లిపెద్ద చెప్పిన మాటయో, ఫిలడెల్ఫియాలో 1730 ప్రాంతముల నొక యువకుఁడు చెప్పిన మాటయో యని సందేహము కలిగినది. పిల్లవారు మాత్రము తెలివిగలవారు. అచ్చుపనిలో లాభము లేదనియు, అక్షరములు త్వరలో నరుగుననియు, ఆ యూర నిద్దఱు ముద్రాపకు లప్పటికే దివాలా తీసిరనియు విచారించి తెలిసికొని, అతనిని తమ గడప త్రొక్కవలదనిరి. తరువాత నతఁడు మఱికొన్ని సంబంధములు వెదకి, ముద్రాపకునకు ధనముతోఁ గూడిన భార్య దొరకుట దుర్లభమని గ్రహించెను. మన దేశమునఁ గట్నమును నిషేధించు చట్టము 1961లో వచ్చినది. అల్లునకు వ్యాపారసహాయమను క్రొత్త పేరుతో ఆ ప్రాఁత సొమ్మే నేఁటికిని చేతులు మాఱుచున్నది. ఫ్రాంక్లిను చేసిన దానికి మేము సిగ్గుపడుచున్నాము గాని, ఆ సంగతిని తన కుమారునకే వ్రాసి చెప్పిన ధైర్యమును మెచ్చుకొనక తప్పదు. మనవారిలో నెంతమంది తండ్రు లీ లేఖ వ్రాయఁగలరు?

తుదకతఁడు 1730 సెప్టెంబరులో డెబొరా రీడు అను నామెతోఁ గాఁపురము పెట్టెను. పూర్వ మామెకు మాట యిచ్చి, లండనుకుఁ బోయి, మఱచినవాఁడే యతఁడు. ఆ నడుమ నామె యొక కుమ్మరవానిని పెండ్లాడి వానిచే విడువఁబడియుండెను. కట్నము లేదు. ఆమె తెచ్చినది రెండు చేతులు. కరపత్రములను మడిచి కుట్టుట, దుకాణమునఁ గూర్చుండి బేరములు చేయుట, కాగితము చేయువారికొఱకు ప్రాఁత నారబట్టల పేలికలు కొనుట, ఇవి యామె పనులని యతఁడే సంతోషముతోఁ జెప్పును. పరిశ్రమయందును పొదుపునందును తనకు సమానురాలైన భార్య దొరకుట తన యదృష్టమనును. అంతవఱకు బాగు. వెంటనే పింగాణిగిన్నె కథ వచ్చును. ప్రతిదినమును మట్టిగిన్నెలో తగరపుచెంచాతోఁ బాలును రొట్టెయు తినుచుండెడి యతనికి ఒక యుదయమున పింగాణిగిన్నెలో వెండిచెంచాతో ఆహారము వచ్చెను. అతనికిఁ దెలియకుండ భార్య వానిని ఇరువదిమూఁడు షిల్లింగులకుఁ గొనెనఁట. పొరుగువారి మగలవలె తన మగఁడును వెండిచెంచాకుఁ దగినవాఁడే యనుట తప్ప ఆమెకు వేఱు సమాధానము లేదఁట. ఇంట భోగము ప్రవేశించుటకు నిదియే తొలిమెట్టని యతఁడు చిఱునవ్వుతో వ్రాయును.

కథ ముచ్చటగానే యున్నది. చమత్కారమునకు లోటు లేదు. కాని అతఁడు దీనిని వ్రాసినది 1784లో. డెబొరా 1774 చివరనే మరణించినది. అన్ని యేండ్లు గడచిన పిదప, ఆమె చనిపోయి పదియేండ్లైన పిదప, ఆమె వెచ్చించిన యిరువదిమూఁడు షిల్లింగులు పెన్నీతోఁ దప్పక యతనికి జ్ఞాపకమున్నవి. ఆమె కుట్టిన కరపత్రములకుఁ గుట్టుకూలి యెంత, ఆమె దుకాణమునఁ గూర్చున్న గంటలెన్ని, ఆ పనికి మనిషిని పెట్టియున్నచో నేఁటికెంత యయ్యెడిది? లెక్కలలో నంతటి నేర్పరి ఈ లెక్క కట్టలేదు. ఖర్చువైపున భార్య పేరు కలదు. జమవైపున లేదు. మా శిష్యుని భార్య యడిగిన ప్రశ్నకు గ్రంథమునఁ గల సమాధాన మింతే.

పనివాండ్రను వృథాగా నుంచుకొనలేదని యాతఁ డాచోటనే గొప్పగాఁ జెప్పికొనును. అతని యింట తరువాతికాలమున బానిసలు సేవ చేసిరనియు, అతని పత్రికలో బానిసల విక్రయప్రకటనలు పడెననియు నేఁడు చరిత్రకారు లెల్లరు నెఱిఁగినదే. 1787లో నతఁడు బానిసత్వనిర్మూలనసంఘమునకు అధ్యక్షుఁడగుట అతని కీర్తికే. ఆ సేవకుల పనియు నీ పుస్తకములోని లెక్కకు రాలేదు.

1757నుండి 1762వఱకును, మరల 1764నుండి 1775వఱకును ఫ్రాంక్లిను ఇంగ్లండున నుండెను. సముద్రయానమునకు భయపడి డెబొరా వెళ్లలేదు. ఇల్లును వ్యవహారములును ఆమె చూచుకొనెను. 1765లో స్టాంపుపన్ను కలహమున జనులు ఇంటిపైఁ బడుదురని వదంతి రాఁగా, ఇల్లు విడిచి పోక, బంధువులను బిలిచి తుపాకులు తెప్పించి కాచుకొనెను. కడపటి పదియేండ్లు మగని ముఖము చూడకయే కన్నుమూసెను. 1771లో అతఁడు తన భాగ్యోదయమును కుమారునకుఁ గథగాఁ జెప్పుచున్న వేళ ఆమె ఫిలడెల్ఫియాలో నతని రాకకై యెదురుచూచుచుండెను. కథ ఆమె మరణమువఱకు సాఁగలేదు గనుక గ్రంథకర్త నందుకై నిందింపము. అయిన నీ గ్రంథమును వర్తకబాలశిక్షగా యువకుల చేతికిచ్చు మావంటి వారైనఁ జెప్పవలసియుండెను.

ఇంటి పనికి వెల కట్టుట యసాధ్యమని కొందఱందురు. దండి కట్టి చూపినాఁడు. దశకుమారచరితమున మిత్రగుప్తుఁడు చెప్పిన గోమినీ కథను మన పాఠకులు సంస్కృతముననో, పదుమూఁడవ శతాబ్దిలోఁ గేతన తిక్కనసోమయాజి కంకితము చేసిన తెలుఁగు కావ్యముననో చదివియే యుందురు. కాంచీనగరపు శ్రేష్ఠిపుత్త్రుఁడు శక్తికుమారుఁడు కొంగున ప్రస్థమెడు వడ్లు ముడిచికొని, వీనితో నాకుఁ గడుపార నన్నము పెట్టఁగలవా యని కన్యల నడుగుచు ఊరూరఁ దిరిగెను. అందఱు నవ్వి పొమ్మనిరి. కావేరి దక్షిణతీరమున నొక చితికిన కుటుంబపు పిల్ల నవ్వలేదు. వడ్లను గింజ విఱుగకుండ దంచి, ఊకను దాది చేతికిచ్చి, నగలకు మెఱుఁగు పెట్టుటకుఁ గంసాలులు దీనిని కొందురు, అమ్మి కట్టెలును కుండయు మూకుళ్లును తెమ్మని పంపెను. అన్నము వండి, కాలిన కట్టెలను నీటితో నార్పి, ఆ బొగ్గు లమ్మించి కూరయు నెయ్యియు పెరుఁగును నూనెయు ఉసిరికయు చింతపండును తెప్పించెను. అతిథికి స్నానము, గంజి, పప్పు, అన్నము, చల్ల, అన్నియు క్రమముగా నమరెను. ఊకయు బొగ్గును గూడ సంతలో నెంతకుఁ బోవునో యెఱిఁగిన యీ కవి యెదుట, కరపత్రముల కుట్టుకూలి మఱచిన అచ్చుపనివాఁ డొకమెట్టు దిగువననే నిలుచును. మూలధనము లేక చేయు వ్యాపారమునకు ఇంతకంటె మంచి యుదాహరణము మేమెఱుఁగము.

దండియందును లోపము లేకపోలేదు. ఆ కథ యంతటితో ముగియదు. పెండ్లాడినపిమ్మట శక్తికుమారుఁ డామెను లెక్కసేయక వేశ్యను తెచ్చిపెట్టెను. గోమిని యామెను సఖివలె నాదరించి, మగనిని దైవమువలె సేవించి, ఇంటిపనులను దిద్దుకొని, పరిజనమును వశము చేసికొనఁగా, అతఁడు కుటుంబభార మెల్ల నామెకు నప్పగించి సుఖముగా నుండెనఁట. పరీక్ష పెట్టినవాఁడు తాను పరీక్షకు నిలువలేదు. అయినను కవి యతనిని ఒక్కమాటయైన ననఁడు. ఊకకు వెల కట్టిన వాఁడు ఆమె యోర్పునకు వెల కట్టక విడిచెను.

ఇఁక ఫ్రాంక్లిను గ్రంథమున మేము మునుపు చూడక దాఁటిపోయిన ఘట్టమొకటి కలదు. మూఁడవభాగమునఁ గొన్ని పంక్తులు మాత్రమే. 1733లో నతఁడు తన పనివారిలో నొకనికి యంత్రమును అక్షరములను ఇచ్చి, ఖర్చులలో మూఁడవవంతు తాను భరించి లాభములో మూఁడవవంతు తాను గైకొను నొడంబడికతో, దక్షిణ కెరొలైనాలోని చార్లెస్టనుకుఁ బంపెను. ఆ మనిషి చదువుకొన్నవాఁడు, సత్యవంతుఁడు, కాని లెక్కలు రానివాఁడు. అప్పుడప్పుడు సొమ్ము పంపినను, సరియైన లెక్క బ్రతికియున్నంతకాలము పంపలేదు. అతఁడు చనిపోఁగా భార్య పని సాఁగించెను. ఆమె హాలండున పుట్టి పెరిగినది. ఆ దేశమున ఆఁడపిల్లలకు లెక్కల పద్ధతి నేర్పుదురఁట. గడచిన వ్యవహారములు దొరకినంతవఱకుఁ దేల్చి పంపుటయే గాక, పిదప ప్రతి మూఁడు నెలలకును తప్పక లెక్క యొప్పగించెను. పిల్లలను గౌరవముగాఁ బెంచి, గడువు తీఱునాఁటికి ఆ అచ్చుకూటమును తానే కొని కుమారునకు నిలిపెను. సంగీతనృత్యములకంటె నీ విద్యయే కన్యలకు మేలని ఫ్రాంక్లిను వ్రాయును. వైధవ్యము వచ్చినచో మోసగాండ్ర పాలఁబడకుండుటకు నిదియే రక్షణ మనును. స్త్రీవిద్యను గుఱించి ఆ కాలమున నింతకంటె వ్యవహారయోగ్యమైన మాట తఱుచుగా వినఁబడదు. కాని విచిత్రమేమనఁగా, అతఁ డామె పేరు చెప్పలేదు. ఆమె ఎలిజబెత్ తిమొతి. 1738 చివర భర్త మరణింపఁగా, 1739 ఆరంభమునుండియే అచటి వారపత్రికను నడిపిన స్త్రీ. లెక్కలు పంపినది గనుక ఆమె పని యతనికిఁ గనఁబడెను. తన యింట నున్న యామె లెక్కలు పంపలేదు.

ఇది చదువుచుండఁగా మాకు మిత్రుల విషయమై కాదు, మా విషయమై సందేహము పుట్టినది. యాజ్ఞవల్క్యుఁడు స్త్రీధనమును భర్త తీసికొని తిరిగి యీయనక్కఱలేని సందర్భములను వ్యవహారాధ్యాయమున నాలుగింటిని మాత్రమే చెప్పినాఁడు. కఱవు, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము. విజ్ఞానేశ్వరుఁడును ఇతరసందర్భములఁ దీసికొన్నది తిరిగి యీయవలసినదే యని వ్యాఖ్యానించెను. ఈ నాలుగింటిలో వ్యాపారము లేదు. ఈ శ్లోకమును మేము విద్యార్థిదశలోనే చదివితిమి. అర్థము చెప్పి మార్కులును దెచ్చుకొంటిమి. పదునాలుగేండ్లక్రిందట మేమొక వ్యాకరణదీపిక వ్రాసి, సొంతముగా వేయిప్రతు లచ్చు వేయించితిమి. పాఠశాలలవారు తీసికొందురనియు, ఒక్క యేఁటిలోనే రెండవకూర్పు పడుననియు మా నమ్మకము. మున్నూఱు ప్రతులు కూడ పోలేదు. తక్కినవి మంచము క్రింద నుండి చెదలకు ఆహారమాయెను. ఆ లెక్కపుస్తకము నిపుడు వెదకి తీసి చూచితిమి. కాగితము, కూర్పు, ముద్రణము, కుట్టుపని, రైలుకూలి వరుసగాఁ గలవు. మొదటి పంక్తిలో 'సొంతపెట్టుబడి' అని మా చేతివ్రాఁతతోనే యున్నది. ఆ సొంతపెట్టుబడి మా గృహిణి నాలుగుగాజులు. మా పేరిట వ్రాసికొంటిమి. ఆ సాయంకాలమే దీని నామెకుఁ జదివి వినిపింపఁగా, "ఇన్నాళ్లకా కనిపించిందీ?" యని మాత్ర మనెను.

శిష్యుని లెక్కపుస్తకమునకు మరల వత్తము. అందు బ్యాంకి అప్పు గాక 'చేతిసొమ్ము' అని యొక పద్దు కలదు. అది యేమని యడుగఁగా అతఁడు తల వంచుకొనెను. భార్యయే చెప్పినది. అది తన పుట్టింటివారు పెట్టిన నలువదిగ్రాముల బంగారము. కుదువఁబెట్టి తెచ్చినది. దుకాణమున సాయంకాలము నాలుగింటినుండి ఎనిమిదింటిదాఁక తానే కూర్చుందుననియు, పసిపిల్ల నా వేళ అత్తగారు చూతురనియు, అత్తగారికి మోకాళ్లనొప్పులనియు ఆమెయే చెప్పినది. ఇవి యేవియు పుస్తకమున లేవు. అత్తగారు లేనిదే ఆ నాలుగుగంటలు లేవు. ఆ నాలుగుగంటలు లేనిదే పెండ్లిపిలుపుల బేరములు లేవు. బేరమాడువారు వచ్చునది ఆఫీసులు విడిచిన వేళనే గదా.

మేము వ్యాపారమునకుఁ బనికిరాని సలహా యొకటి యిచ్చితిమి. చేతిసొమ్మను పద్దు కొట్టివేసి, ఆ చోట ఆమె పేరు వ్రాసి, బంగారము తూకము వ్రాయుమంటిమి. నాలుగుగంటల పనికి, బయటి మనిషిని పెట్టిన నెంత యగునో అంత జీతము నెలనెల ఖర్చువైపు వ్రాయుమంటిమి. చేతి కీయఁగలిగినపుడే యీయవచ్చును. వ్రాయుట మాత్రము మొదటినెలనుండియే. అట్లు వ్రాసినచో మొదటియేఁట నష్టము కనఁబడునని శిష్యుఁడు దిగులుపడెను. నష్టముండుట నిజమే యైనపుడు కనఁబడుటయే మేలని అతని భార్య యనెను. ఆమె చదివినది వాణిజ్యశాస్త్రము గదా.

దసరాకు దుకాణము తెఱచిరి. పద్దు మార్చిరని విని సంతోషించితిమి. కాని ఒక్క విషయమునఁ దగవు తీఱలేదఁట. బంగారమును తిరిగి యిచ్చునపుడు కుదువఁబెట్టిననాఁటి వెల ప్రకారము రూపాయలు చెల్లింపవలెనా, నలువదిగ్రాములకు నలువదిగ్రాములే యీయవలెనా? శిష్యుఁడు వెల యనును. ఆమె తూకమనును. మమ్ము మధ్యస్థులుగా నుండుమని యిద్దఱును మొన్న వచ్చిరి. మేము తూకమంటిమి. శిష్యుఁడు మా గృహిణి వైపు చూచి, మాస్టారు తమ గాజులు తూచి యిచ్చిరా యని యడిగెను. ఇంకను లేదు.